ఎముకలు, కీళ్ళు సరే, ఎపిథీలియం బట్టీ కొట్టకుండా గుర్తుండే దారి ఉందా?

మొదటి_బెంచి
నర్సింగ్ మొదటి సంవత్సరం. ఎముకల పేర్లు ఎలాగోలా నోటికి వస్తున్నాయి. అస్థిపంజరం ముందు నిలబడి ఒక్కోదాన్నీ తాకుతూ చెప్పుకుంటే గుర్తుంటున్నాయి. కీళ్ళూ పర్వాలేదు. ఎపిథీలియం, అదే శరీరం పైనా అవయవాల లోపలా పరుచుకుని ఉండే కణాల పొర, దాని దగ్గరే బండి ఆగిపోయింది. సింపుల్ స్క్వేమస్, స్ట్రాటిఫైడ్ స్క్వేమస్, క్యూబాయిడల్, కాలమ్నార్, సూడోస్ట్రాటిఫైడ్, ట్రాన్సిషనల్... పేరు చెప్తే చోటు గుర్తురాదు, చోటు చెప్తే పేరు గుర్తురాదు. రాత్రి చదివిన పట్టిక పొద్దునకి ఉండట్లేదు. బట్టీ కాకుండా వేరే దారేమైనా ఉందా?

పనిలో పనిగా ఇంకో రెండు సందేహాలు. గోటితో గీరుకుంటే ఒక్కోసారి తెల్లగీత పడుతుంది గానీ రక్తం రాదు, ఎందుకు? పుట్టిన బిడ్డకి పెద్దవాళ్ళకంటే ఎముకలు ఎక్కువంటారు, మరి ఆ మిగతావన్నీ ఎటు పోతాయి?

కంఠస్థం_కనకం
దారీ లేదు, డొంకా లేదు. పదేసిసార్లు రాయి. మేమంతా అలాగే పాసయ్యాం.

నైట్‌డ్యూటీ
పాసవుతారు కనకం గారూ, కాదనను. ఆ తర్వాత వార్డులోకి వచ్చాక ఒక్కటీ గుర్తుండదు. ఏటా కొత్త బ్యాచ్‌లో చూస్తూనే ఉన్నా.

మొదటి_బెంచీ, పట్టిక పక్కన పెట్టు. ఒక్కో చోటినీ రెండే ప్రశ్నలు అడుగు. ఇక్కడ ఏదైనా అవతలికి దాటాలా? ఇక్కడ ఏదైనా రాసుకుంటుందా? దాటాల్సిన చోట పొర పల్చగా ఉంటుంది, రాపిడి ఉన్న చోట మందంగా ఉంటుంది. సగం పట్టిక ఇందులోనే వచ్చేస్తుంది.

ఊపిరితిత్తుల్లో గాలితిత్తులు తీసుకో. ఆక్సిజన్ గాలిలోంచి రక్తంలోకి దాటాలి. అందుకే ఒకే వరస కణాలు, అవీ చదునుగా పరుచుకున్నవి. అది సింపుల్ స్క్వేమస్. రక్తనాళాల లోపలి పొర కూడా అదే రకం. ఈ రెండు పొరలూ కలిపినా చాలాచోట్ల మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు మించదు.

ఇప్పుడు అన్నవాహికకి రా. మింగిన ప్రతి ముద్దా గోడకి రాసుకుంటూ దిగుతుంది. ఒక్క వరస ఉంటే ఒక్క పూటకే ఊడిపోతుంది. కాబట్టి వరస మీద వరస, పైవి రాలుతుంటే కిందనుంచి కొత్తవి వస్తుంటాయి. స్ట్రాటిఫైడ్ స్క్వేమస్. నోరు, యోని కూడా ఇంతే. చర్మం కూడా ఇదే కుటుంబం, కాకపోతే బయటి ఎండకీ గాలికీ ఎండిపోకుండా పైన కెరాటిన్ అనే గట్టి ప్రొటీన్ నిండిన మృతకణాల పొర అదనం.

చిన్నపేగులో కణం ఊరికే అడ్డంగా పడుకుంటే కుదరదు, పీల్చుకునే పని చెయ్యాలి. ఆ పనికి కావల్సిన సరంజామా పట్టాలంటే కణం పొడుగ్గా ఉండాలి. అది కాలమ్నార్. పైన మైక్రోవిల్లై అనే సన్నటి వేళ్ళలాంటి మడతలుంటాయి, పీల్చుకునే వైశాల్యం పెరగడానికి. ఈ కణాల ఆయుష్షు మూడు నుంచి ఐదు రోజులే. కీమో తీసుకునేవాళ్ళకి నోట్లో పుళ్ళు, విరేచనాలు ఎందుకొస్తాయో ఇక్కడే అర్థమవుతుంది. ఆ మందు వేగంగా విభజన చెందే కణాల మీద పడుతుంది. క్యాన్సర్ కణాలతో పాటు ఈ పొరలూ దెబ్బతింటాయి. వార్డులో ఒక్కసారి అలాంటి పేషెంటు నోరు శుభ్రం చేస్తే ఇక ఈ పాఠం మర్చిపోవు.

మూత్రాశయం సాగాలి, మళ్ళీ ముడుచుకోవాలి. దానికే ట్రాన్సిషనల్. పై వరసలో ఉండేవాటిని గొడుగు కణాలంటారు. ఖాళీగా ఉన్నప్పుడు ఉబ్బెత్తుగా, నిండితే చదునుగా కనిపిస్తాయి.

మొదటి_బెంచి
అక్కా, ఇది ఇలా ఎవరూ చెప్పలేదు. మరి క్యూబాయిడల్? అది పల్చనా కాదు, మందమూ కాదు.

మైక్రోస్కోప్_మాధవి
అది పనివాళ్ళ పొర. మూత్రపిండాల నాళికలు, గ్రంథుల సన్నటి నాళాలు, థైరాయిడ్. అంటే స్రవించడమో, తిరిగి పీల్చుకోవడమో చేసే చోట్లు. థైరాయిడ్‌లో ఇంకో తమాషా ఉంది. గ్రంథి చురుగ్గా పనిచేస్తుంటే ఆ కణాలు పొడుగవుతాయి, స్తబ్దుగా ఉంటే చదునవుతాయి. పుస్తకంలో మాత్రం క్యూబాయిడల్ అని ఒక్క మాట రాసి వదిలేస్తారు.

స్లైడు గుర్తుపట్టడానికి కణం అంచులు వెతక్కు, చాలాసార్లు కనిపించవు. కేంద్రకాన్ని చూడు. గీతలా అడ్డంగా పడుకుని ఉంటే స్క్వేమస్. గుండ్రంగా నడిమధ్య ఉంటే క్యూబాయిడల్. కోలగా, అన్నీ అడుగువైపు ఒకే ఎత్తులో బారుగా ఉంటే కాలమ్నార్. ఎక్కువ వరసలుంటే పేరు పై వరసని బట్టే పెట్టాలి. అడుగు వరస గుండ్రంగా ఉంది కదా అని స్ట్రాటిఫైడ్ క్యూబాయిడల్ రాసినవాళ్ళ పేపర్లు చాలా దిద్దాను.

ఇంకొకటి. ముక్క ఏటవాలుగా కోస్తే ఒకే వరస కూడా మూడు వరసల్లా కనిపిస్తుంది. అనుమానం వస్తే స్లైడు జరిపి వేరే చోట చూడాలి, అక్కడే కూర్చుని తల పట్టుకోకూడదు.

గోళ్ళు_కొరికేవాడు
సూడోస్ట్రాటిఫైడ్ అంటే మరి దొంగ వరసలా?

మైక్రోస్కోప్_మాధవి
అంతే. అన్ని కణాలూ అడుగునున్న పొరని తాకుతూనే ఉంటాయి. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి కావడంతో కేంద్రకాలు ఎగుడుదిగుడుగా కనిపించి చాలా వరసలున్నట్టు భ్రమ పడతాం. శ్వాసనాళంలో ఉండేది ఇదే, పైన సీలియా అనే కదిలే సన్నటి నూగు కూడా ఉంటుంది.

గోళ్ళు_కొరికేవాడు
అర్థమైంది. క్లాసు గ్రూప్ ఫోటోలో అందరూ నేల మీదే నిలబడ్డారు, పొడుగువాళ్ళని చూసి వెనక బెంచీ వేశారనుకున్నాం.

కంఠస్థం_కనకం
నైట్‌డ్యూటీ గారి లాజిక్ బాగానే ఉంది. అండాశయం పైపొర క్యూబాయిడల్. దాటేదేంటి, రాసుకునేదేంటి చెప్పండి చూద్దాం. ఎపిడిడిమిస్‌లో, అంటే వృషణం వెనకుండే నాళంలో, స్టీరియోసీలియా ఉంటాయంటారు, పేరులో సీలియా ఉంది, అవి కదలనే కదలవు. దాన్ని ఏ లాజిక్‌తో గుర్తుపెట్టుకోవాలి?

నైట్‌డ్యూటీ
వాటికి మీ పదిసార్లే. లాజిక్‌తో ముప్పావు దూరం నడిస్తే మిగిలిన పావు రాసుకోవచ్చు. మొత్తం రాయమంటేనే పిల్లలు పారిపోతారు.

పైపొర
గీరితే రక్తం ఎందుకు రాదన్న ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. ఉపకళలో, అంటే మీరు చెప్పుకుంటున్న ఎపిథీలియంలోనే, రక్తనాళాలుండవు. చర్మం పైభాగమైన ఎపిడెర్మిస్ కూడా ఉపకళే. నీ గోరు దాన్ని దాటి కిందికి వెళ్ళలేదు కాబట్టి రక్తం రాలేదు. రక్తనాళాలు, చాలామటుకు నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్ళు అన్నీ కిందనున్న డెర్మిస్‌లో ఉంటాయి. ఎపిడెర్మిస్‌కి కావల్సిన పోషణ అక్కడినుంచే ఊరి పైకి రావాలి.

అందుకే విభజన చెందేవి అడుగు వరసలో ఉన్న కణాలే. పైకి వెళ్ళేకొద్దీ కెరాటిన్ నిండిపోయి, కేంద్రకం పోయి, చివరికి పొట్టులా రాలిపోతాయి. అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలడానికి సుమారు నెల, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. ఈ మందం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. కనురెప్ప మీద ఎపిడెర్మిస్ మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటే, అరికాల్లో మిల్లీమీటరున్నర దాకా ఉంటుంది. అరచేతిలో, అరికాల్లో మాత్రమే స్ట్రాటమ్ లూసిడమ్ అని ఒక పొర అదనం. అక్కడ వెంట్రుకలూ ఉండవు, నూనె గ్రంథులూ ఉండవు. చెమట గ్రంథులు మాత్రం కావల్సినన్ని.

నైట్‌డ్యూటీ
పైపొర చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. ఎపిడెర్మిస్, డెర్మిస్ కలిసే చోటు నున్నగా ఉండదు, ఎత్తుపల్లాలుగా ఒకదాన్లో ఒకటి ఇమిడి ఉంటుంది. వయసు మీదపడేకొద్దీ ఆ ఎత్తుపల్లాలు చదునైపోయి పట్టు తగ్గుతుంది. ముసలివాళ్ళ చేతికి అంటించిన ప్లాస్టర్ గబుక్కున లాగితే దాంతోపాటు చర్మం కూడా ఊడి రావడం నా కళ్ళతో చూశా. మెల్లగా, చర్మానికి సమాంతరంగా, ఇంకో చేత్తో చర్మాన్ని నొక్కిపట్టి తియ్యాలి. అనాటమీ పుస్తకంలో ఆ వంకర గీత బొమ్మకి ఇంత అర్థముంది.

మెటికలరాజు
బొబ్బ కూడా అక్కడే లేస్తుందా?

పైపొర
కాలిన బొబ్బ దాదాపు అక్కడే. కొత్త చెప్పు కరిచి లేచే బొబ్బ ఇంకాస్త పైన, ఎపిడెర్మిస్‌లోనే కణాలు విడిపోయి ఆ సందులో నీరు చేరుతుంది. అదే రాపిడి మెల్లమెల్లగా, రోజూ కొంచెం కొంచెం జరిగితే పొర మందమై కాయ కాస్తుంది. ఒకే చోటు, ఒకే రాపిడి. హఠాత్తుగా అయితే బొబ్బ, అలవాటైతే కాయ.

లెక్కలమాస్టారు
ఎముకల లెక్క నాకు వదిలెయ్యండి. పుట్టినప్పుడు దాదాపు 270 నుంచి 300, ఏది విడిగా లెక్కపెడతారన్నదాన్ని బట్టి. ఎటూ పోవు, అతుక్కుంటాయి. త్రికాస్థి అంటే 5 వెన్నుపూసలు కలిసిపోయినది. దాని కింద తోక ఎముక, మామూలుగా 4 ముక్కలు. తుంటి ఎముక ఒక్కొక్కటీ ఇలియం, ఇషియం, ప్యూబిస్ మూడూ కలిసినది. పుర్రె ఎముకల మధ్య మెత్తటి ఖాళీయే పసిపిల్లల మాడు. వెనక మాడు 2, 3 నెలలకే మూసుకుంటుంది, ముందుది ఏడాదిన్నర, రెండేళ్ళ దాకా చేతికి తగులుతూనే ఉంటుంది.

పెద్దయ్యాక 206. పుర్రె, వెన్ను, ఛాతీ కలిపి 80. మిగతా 126 కాళ్ళూ చేతులూ, వాటిని మొండేనికి తగిలించే ఎముకలూ. ఒక్కో చేతిలో మణికట్టు నుంచి కిందికి 27, ఒక్కో పాదంలో 26. అంటే ఈ నాలుగింట్లోనే 106.

గోళ్ళు_కొరికేవాడు
సగం ఎముకలు చొక్కా బయట, ప్యాంటు బయటే ఉన్నాయన్నమాట.

కట్టు_విప్పినోడు
ఆ 206 అందరికీ వర్తించదు మాస్టారూ. కాలు మడత పడి చీలమండ ఎక్స్‌రే తీస్తే వెనకాల ఒక చిన్న ముక్క విడిగా కనిపించింది. మొదట చూసినాయన విరిగిందన్నాడు. తర్వాత ఎముకల డాక్టరు చూసి, అది విరగలేదు, ఎదిగేటప్పుడు అతుక్కోకుండా మిగిలిపోయిన ముక్క, ఆస్ ట్రైగోనమ్ అంటారు అన్నాడు. అంచులు నున్నగా గుండ్రంగా ఉంటే పాతకాపు, గరుగ్గా పదునుగా ఉంటే కొత్తగా విరిగినది అని స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాడు. నా లెక్క ఎంతో మరి!

లెక్కలమాస్టారు
మీది ఎంతైనా పరీక్షలో 206 అనే రాయాలి. కొందరికి మెడ దగ్గర అదనపు పక్కటెముక ఉంటుంది, కొందరికి పుర్రె అతుకుల్లో చిన్నచిన్న ముక్కలుంటాయి, కొందరికి మోకాలి వెనక శనగగింజంత ఎముక ఉంటుంది. 206 అన్నది సగటు మనిషి లెక్క.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఎక్స్‌రే అంటే గుర్తొచ్చింది. మా చిన్నాడు ఆడుకుంటూ పడితే మణికట్టు ఎక్స్‌రే తీయించాం. ఫిల్ము చేతికివ్వగానే చూశా, ఎముక చివర అడ్డంగా స్పష్టంగా నల్లగీత. ఇంకేముంది, విరిగిపోయిందని టెన్షన్‌తో చేతులు వణికాయి. లోపలికి వెళ్తే డాక్టరమ్మ నవ్వి రెండో చెయ్యి కూడా తీయించింది. అందులోనూ అదే గీత! అది ఎదుగుదల పలక అట.

ఫిజియో_గది
అవును, గ్రోత్ ప్లేట్. అది మృదులాస్థి, అంటే చెవి డిప్పలో ఉండేలాంటి మెత్తటి ఎముక, అందులో కాల్షియం లేదు కాబట్టి ఎక్స్‌రేలో ఖాళీలా కనిపిస్తుంది. పొడుగు పెరిగేది అక్కడే. ఎదుగుదల ఆగాక అది కూడా ఎముకైపోయి గీత మాయమవుతుంది, అమ్మాయిల్లో కాస్త ముందు, అబ్బాయిల్లో కాస్త వెనక. చేతి ఎక్స్‌రే చూసి పిల్లల ఎముక వయసు చెప్పేది ఇలాంటివాటిని బట్టే. పసిపిల్లల మోకాలి చిప్ప ఎక్స్‌రేలో కనిపించకపోవడానికీ ఇదే కారణం. చిప్ప ఉంటుంది, మృదులాస్థిగా ఉంటుంది. సుమారు మూడేళ్ళ తర్వాతే ఎముకగా మారడం మొదలవుతుంది.

కాకపోతే ఒక మాట. పిల్లల్లో నిజంగానే ఆ పలక దగ్గర దెబ్బ తగలొచ్చు, అది మామూలుగా ఎముక విరగడం కంటే జాగ్రత్తగా చూడాల్సింది. గీత ఉంది కదా మామూలే అని ఇంట్లోనే తేల్చెయ్యకండి.

కట్టు_విప్పినోడు
ఫిజియో గారూ, నాకు వేరేసారి కాలిపిక్క దగ్గర నిజంగానే విరిగింది. కట్టు విప్పేసరికి పిక్క సన్నబడిపోయింది. కండ తగ్గింది సరే, లోపల ఎముక కూడా తగ్గుతుందా?

ఫిజియో_గది
తగ్గుతుంది. ఎముకని రాయిలా చూడటం దగ్గరే మనం దారి తప్పుతాం. అందులో ఆస్టియోక్లాస్టులు పాత ఎముకని కరిగిస్తూనే ఉంటాయి, ఆస్టియోబ్లాస్టులు కొత్తది పోస్తూనే ఉంటాయి. పెద్దవాళ్ళలో ఏడాదికి పదో వంతు అస్థిపంజరం ఇలా మారుతుందని అంచనా. బరువు పడే చోట ఎక్కువ పోస్తాయి, పడని చోట పీకేస్తాయి. జర్మన్ సర్జన్ జూలియస్ వుల్ఫ్ 1892లో చెప్పిన సూత్రం ఇదే. టెన్నిస్ ఆటగాళ్ళలో రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతికంటే మందంగా ఉంటుంది. అంతరిక్షంలో తేలుతూ ఉండేవాళ్ళకి తుంటి లాంటి బరువు మోసే ఎముకల్లో నెలకి సుమారు 1 నుంచి 1.5 శాతం సాంద్రత పోతుంది, వ్యాయామం చేయకపోతే.

కట్టు విప్పాక నడిపించేది కండ కోసమే కాదు, ఎముకకి బరువు తెలియాలని.

నైట్‌డ్యూటీ
ఎముక బతికుందని నమ్మకం కుదరాలంటే ఎమర్జెన్సీలో చూడాలి. షాక్‌లో ఉన్న పసిబిడ్డకి సిర దొరకదు. ఎంత వెతికినా దొరకదు. అప్పుడు మోకాలి కింద కాలి ఎముకలోకి, నేరుగా మూలుగలోకి సూది దింపుతారు. గట్టిగా నొక్కుతుంటే ఒక్కసారిగా చెయ్యి తేలికవుతుంది, ఎముక పైపొర దాటిందని అదే గుర్తు. అందులోంచి ఇచ్చిన సెలైనూ మందులూ క్షణాల్లో రక్తంలో కలుస్తాయి. లోపల అంత రక్తప్రసరణ ఉంది. రక్తకణాలు తయారయ్యేది కూడా ఎర్ర మూలుగలోనే. పెద్దవాళ్ళలో అది రొమ్ము ఎముక, తుంటి, వెన్నుపూసల్లాంటి చోట్లే మిగులుతుంది. అందుకే పెద్దవాళ్ళకి మూలుగ పరీక్ష తుంటి ఎముక వెనకభాగం నుంచి చేస్తారు.

మొదటి_బెంచి
చదువుతుంటేనే ఒళ్ళు గగుర్పొడిచింది.

పైపొర
ఆ గగుర్పాటు కూడా సిలబస్సే. వెంట్రుక కుదురుకి అంటుకున్న చిన్న కండరం, అరెక్టర్ పైలై. రాసిపెట్టుకో.

మైక్రోస్కోప్_మాధవి
ఎముకలో రెండు సరుకులున్నాయి, కొలాజెన్ అనే పీచులాంటి ప్రొటీన్, కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం. ల్యాబులో సన్న ఎముకని పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే ఖనిజం కరిగిపోతుంది. ఆకారం అలాగే ఉంటుంది, కానీ చేత్తో వంచితే వంగుతుంది. అదే ఎముకని బాగా కాలిస్తే కొలాజెన్ పోయి ఖనిజం మిగులుతుంది. అప్పుడూ ఆకారం అలాగే ఉంటుంది, వేలితో నొక్కితే మాత్రం పొడైపోతుంది. మీ కాలేజీలో చూపించకపోతే అడిగి మరీ చేయించుకోండి.

మెటికలరాజు
కీళ్ళ వైపు రండి బాబూ, నా పేరు చూసైనా. మెటికలు విరిస్తే కీళ్ళు అరిగి కీళ్ళవాతం వస్తుందని ఇంట్లో రోజూ గొడవ. నిజమేనా?

ఫిజియో_గది
ఆ చప్పుడు ఎముకలు కొట్టుకునేది కాదు. కీలు సాగదీసినప్పుడు లోపల కందెనలా ఉండే సైనోవియల్ ద్రవంలో పీడనం తగ్గి వాయు బుడగ ఏర్పడుతుంది. అందుకే వెంటనే మళ్ళీ విరిస్తే మోగదు, సుమారు 20 నిమిషాలు ఆగాలి. వాతానికి సంబంధం కనిపించలేదు. డొనాల్డ్ అంగర్ అనే అమెరికన్ డాక్టరు అరవై ఏళ్ళకు పైగా ఎడమ చేతి మెటికలు మాత్రమే విరుచుకుని, కుడిచేతిని వదిలేసి పోల్చుకున్నాడు. రెండు చేతుల్లోనూ వాతం లేదు. 2009లో ఆయనకి ఇగ్ నోబెల్, అంటే నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి, ఇచ్చారు.

కంఠస్థం_కనకం
ఒక్క మనిషి, రెండు చేతులు. దీన్ని రుజువంటారా? 1990లో 300 మందిని చూసిన అధ్యయనం ఒకటుంది. వాతం ఎక్కువ లేదు గానీ, విరిచేవాళ్ళలో చేతి వాపు ఎక్కువ, పట్టు తక్కువ అని అందులో రాశారు.

ఫిజియో_గది
ఆ పట్టు సంగతి తర్వాతి వాటిలో నిలబడలేదు. నొప్పి లేకుండా మోగితే వదిలెయ్యండి. నొప్పో, వాపో, కీలు ఇరుక్కోవడమో ఉంటే అది వేరే విషయం, చూపించుకోవాలి.

మెటికలరాజు
ఈ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. గెలిచాను.

గోళ్ళు_కొరికేవాడు
నాకు భుజం జారింది ఒకసారి, పడబోతూ చెయ్యి వెనక్కి పెట్టా. తుంటి ఎప్పుడూ ఎవరికీ అలా జారిందని వినలేదు. రెండూ బంతి గిన్నె కీళ్ళే కదా?

ఫిజియో_గది
పేరు ఒకటే, గిన్నె లోతు వేరు. తుంటిలో గిన్నె లోతుగా ఉంటుంది, తొడ ఎముక తల అందులో బాగా కూరుకుని ఉంటుంది. భుజంలో గిన్నె చిన్నది, దాదాపు పళ్ళెమే. బంతిలో కొంత భాగమే దానికి తగులుతుంది. మిగతా పట్టంతా చుట్టూ ఉన్న నాలుగు కండరాలది, ఎముకని ఎముకకి కట్టిపట్టే లిగమెంట్లది. చెయ్యి అన్నివైపులా తిప్పగలుగుతున్నామంటే అందుకే, శరీరంలో ఎక్కువగా జారే పెద్ద కీలు అయిందీ అందుకే. చాలామటుకు ముందుకే జారుతుంది. సరిచేసే ముందు భుజం బయటివైపు చర్మాన్ని తాకి స్పర్శ తెలుస్తోందా అని అడిగి ఉంటారు, గుర్తుందా? పక్కనే వెళ్ళే యాక్సిలరీ నరం బాగుందో లేదో చూడటానికి.

గోళ్ళు_కొరికేవాడు
అడిగారు. అంత నొప్పిలో ఇదేం ప్రశ్న అని తిట్టుకున్నా.

కట్టు_విప్పినోడు
ఎముక విరిగితే రెండు నెలల్లోపే అతుక్కుంది, బెణుకు మాత్రం అంతకంటే ఎక్కువ సతాయించింది. అది కూడా లాజిక్కేనా?

ఫిజియో_గది
రక్తప్రసరణ లాజిక్. ఎముకకి పుష్కలంగా రక్తం. లిగమెంటుకి తక్కువ, అది మానేది మెల్లగా. మోకాలిలో మెత్తలా ఉండే మెనిస్కస్‌కి పెద్దవాళ్ళలో బయటి అంచుకే రక్తం అందుతుంది, లోపలివైపు చిరిగితే తనంతట తాను అతుక్కోవడం కష్టం. ఎముక చివర్లని కప్పే మృదులాస్థికైతే రక్తనాళాలూ లేవు, నరాలూ లేవు. కీలు కదిలినప్పుడు ద్రవం లోపలికీ బయటికీ వెళ్ళడమే దాని తిండి. నరాలు లేవు కాబట్టి అరుగుతున్నప్పుడు తెలియదు, నొప్పి తెలిసేసరికి చాలా అరిగి ఉంటుంది.

ఇంకో తేడా. ఎముక మానితే మళ్ళీ అసలు ఎముకే వస్తుంది. చర్మం డెర్మిస్ దాకా తెగితే వచ్చేది మచ్చ, అందులో వెంట్రుకా మొలవదు, చెమటా పట్టదు.

మెటికలరాజు
నీళ్ళలో ఎక్కువసేపుంటే వేళ్ళు ముడతలు పడేది చర్మం నీళ్ళు పీల్చుకుని ఉబ్బడం వల్లే కదా? స్కూల్లో అలాగే చెప్పారు.

పైపొర
అలా అయితే నరం తెగిన వేలికీ ముడతలు పడాలి. పడవు. 1930లలోనే డాక్టర్లు గమనించారు. స్వయంచాలిత నాడీవ్యవస్థ వేలికొసల్లోని రక్తనాళాలని కుదిస్తే లోపల పరిమాణం తగ్గి పైచర్మం ముడత పడుతుంది. నరం పనిచేస్తోందా లేదా చూడటానికి ఈ పరీక్ష చేస్తారు కూడా. తడి వస్తువుల మీద పట్టు కోసం అని ఒక వాదన ఉంది, ప్రయోగాలు మాత్రం రెండు రకాలుగానూ వచ్చాయి.

పంటిపిచ్చి
206లో పళ్ళు లేవని ఎవరూ అనలేదేం? పన్ను ఎముక కాదు. పైన కనిపించే ఎనామెల్ ఉపకళ కణాలు పోసినది, శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం. పన్ను బయటికి వచ్చేసరికి ఆ కణాలు పోతాయి, అందుకే ఎనామెల్ అరిగితే మళ్ళీ రాదు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, విరిగిన పన్ను అతుక్కోదు.

మొదటి_బెంచి
అక్కా, ఇంకొక్కటి. రాపిడి ఉంటే మందం అన్నారు కదా. పొగతాగేవాళ్ళ శ్వాసనాళంలో రోజూ పొగ తగులుతూ ఉంటే ఆ పొర మారిపోతుందా?

నైట్‌డ్యూటీ
మంచి ప్రశ్న. మారుతుంది. సీలియా ఉన్న సున్నితమైన పొర పోయి గట్టి స్ట్రాటిఫైడ్ స్క్వేమస్ వస్తుంది. మెటాప్లాసియా అంటారు. పొగని తట్టుకుంటుంది గానీ, కఫాన్ని పైకి నెట్టే సీలియా పోయాయి. ఇక మిగిలింది దగ్గే. మానేస్తే చాలావరకు వెనక్కి మళ్ళే అవకాశం ఉంది. మానకపోతే క్యాన్సర్ మొదలయ్యే నేల అది. పెద్దవాళ్ళలో వచ్చే క్యాన్సర్లలో అత్యధికం ఉపకళ నుంచి పుట్టేవే, కార్సినోమా అనే పేరు వాటిదే.

గర్భాశయ ముఖద్వారం కూడా చూసుకో. బయటివైపు స్ట్రాటిఫైడ్ స్క్వేమస్, లోపలివైపు సింపుల్ కాలమ్నార్. రెండూ కలిసే చోట కణాలు ఎప్పుడూ మారుతుంటాయి, తేడా వచ్చేది ఎక్కువగా అక్కడే. పాప్ స్మియర్, అంటే అక్కడి కణాలు తీసి క్యాన్సర్ సూచనలు వెతికే పరీక్ష, తీసేటప్పుడు బ్రష్ సరిగ్గా ఆ చోట తిప్పాలి. వేరే చోట తిప్పితే రిపోర్టు చేతికొచ్చినా ప్రయోజనం లేదు.

కంఠస్థం_కనకం
సరే, ఇప్పుడు నేనొకటి అడుగుతా, లాజిక్ బ్యాచ్ చెప్పండి. రక్తనాళాలు లేకుండా బతికే చోట్లు, ఉపకళ, మృదులాస్థి కాకుండా ఇంకొకటి.

లెక్కలమాస్టారు
గోళ్ళు.

పైపొర
పైకి కనిపించే గోరు బతికిలేదు మాస్టారూ, మృతకణాలే.

మొదటి_బెంచి
కార్నియా?

కంఠస్థం_కనకం
పర్వాలేదే! కంటి నల్లగుడ్డు మీద ఉండే పారదర్శక పొర. రక్తనాళాలుంటే చూపుకి అడ్డం. మరి ఆక్సిజన్ ఎక్కడినుంచి?

మొదటి_బెంచి
దాటాల్సిన చోట పల్చగా ఉంటుంది కదా... నేరుగా గాలినుంచి, కన్నీళ్ళలో కరిగి?

కంఠస్థం_కనకం
ఫుల్ మార్కులు. మేలుకుని ఉన్నప్పుడు ముందువైపుకి చాలామటుకు అలాగే. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని నిద్రపోవద్దని చెప్పే కారణాల్లో ఇదొకటి. రెప్ప మూసేసరికే గాలి తగ్గుతుంది, పైన లెన్సు కూడా ఉంటే ఇంకా తగ్గుతుంది.

గోళ్ళు_కొరికేవాడు
ఉండండి, తీసేసి వస్తా.